ఒక్క పూస మారితే



యూరియా అనగానే మనకు పొలం గట్టు, 45 కిలోల బస్తా, తెల్లని గుళికలు గుర్తొస్తాయి. దాన్ని బకెట్టు నీళ్ళలో కలిపిన రైతుకు ఇంకో సంగతి కూడా తెలుసు. కలుపుతుంటే బకెట్టు చేతికి చల్లగా తగులుతుంది. చాలా ఏళ్ళపాటు నా రోజు ఆ చల్లదనంతోనే మొదలయ్యేది. పొలంలో కాదు, ప్రొటీన్ల ప్రయోగశాలలో. లీటరు ద్రావణానికి సుమారు 480 గ్రాముల శుద్ధమైన యూరియా. కలపగానే గాజు బీకరు చల్లబడుతుంది, అది గది వేడికి వచ్చేదాకా ఆగాలి. గాఢత సరిగ్గా ఎంతో పరికరంలో చూసుకోవాలి. నిన్న కలిపింది ఈ రోజుకు వాడకూడదు. నిలవ ఉంటే యూరియాలో కొంత సయనేటుగా మారి ప్రొటీన్‌కు అంటుకుంటుంది.

పైరును నిలబెట్టే ఈ యూరియాయే, గాఢంగా ఉంటే, ప్రొటీన్ ముడి విప్పేస్తుంది. ఎంత యూరియాకు విప్పుకుందో చూసి ఆ ప్రొటీన్ ఎంత గట్టిదో మేము చెబుతాం. ఇప్పుడు అదే సంగతిని కంప్యూటరు కూడా చెబుతోంది, బీకరు ముట్టుకోకుండానే. ఆ లెక్కకూ ఈ కొలతకూ ఎంతవరకు పొత్తు కుదురుతోంది, కుదరనిచోట ఎందుకు కుదరడం లేదు అన్నది ఇవాళ మీతో పంచుకుంటాను.

ప్రొటీన్ అంటే అమినో ఆమ్లాలనే 20 రకాల పూసలు గుచ్చిన దండ. దండ దండలాగే ఉండిపోతే దానివల్ల పనేమీ జరగదు. నీళ్ళలో తనంతట తాను ఒక ప్రత్యేకమైన ఆకారంలోకి ముడుచుకోవాలి. నూనె స్వభావమున్న పూసలు లోపలికి చేరతాయి, నీటితో పొత్తున్నవి పైకి వస్తాయి. మ్యుటేషన్, మన పాఠ్యపుస్తకాల్లో ఉత్పరివర్తనం, అంటే ఆ దండలో ఒక పూస పోయి దాని చోట మరో పూస రావడం. అలా ఒక్క పూస మారితే ముడి సడలుతుందా, బిగుస్తుందా? ఎంత సడలుతుంది?

ఆ “ఎంత” దగ్గరే కష్టమంతా ఉంది. ప్రొటీన్‌ను ముడిచి ఉంచే బలాలున్నాయి, విప్పేయాలని లాగే బలాలున్నాయి. చిన్న ప్రొటీన్‌లో కూడా ఇవి రెండూ వందల కిలో కేలరీల లెక్కలో ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది మాత్రం మోల్‌కు 5 నుంచి 15 కిలో కేలరీలు. అదే ఆ ప్రొటీన్ స్థిరత్వం. ధాన్యం లారీని తాళంచెవితో ఒకసారి, తాళంచెవి తీసేసి ఒకసారి కాటా మీద తూచి, ఆ రెండు అంకెలతో తాళంచెవి బరువు చెప్పమన్నట్టుంటుంది. ఇక మ్యుటేషన్ వల్ల వచ్చే మార్పు ఆ తేడాలో మళ్ళీ తేడా. మా వాళ్ళు దాన్ని డెల్టా డెల్టా జి అంటారు. రెండు డెల్టాలూ అందుకే.

ఒక మ్యుటేషన్ వల్ల పోయే స్థిరత్వం సగటున ఒక కిలో కేలరీ చిల్లర. వినడానికి చాలా చిన్నది. కానీ గది ఉష్ణోగ్రత దగ్గర 1.4 కిలో కేలరీలు తగ్గితే, ముడుచుకున్న అణువులకూ విప్పుకున్న అణువులకూ ఉన్న నిష్పత్తి పదో వంతుకు పడిపోతుంది. 5 కిలో కేలరీల స్థిరత్వం ఉన్న ప్రొటీన్‌లో విప్పుకున్న అణువు ఒకటుంటే ముడుచుకున్నవి నాలుగైదు వేలు ఉంటాయి. 1.4 పోతే కొన్ని వందలకు దిగుతాయి. ఈ 1.4 అన్న అంకెను దయచేసి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ముందు కొలత ఎలా జరుగుతుందో చెప్పాలి. ఇరవై ముప్పై చిన్న గొట్టాలు వరుసగా పెడతాం. అన్నింట్లో ప్రొటీన్ ఒక్కటే, యూరియా మాత్రం సున్నా నుంచి 8 మోలార్ దాకా, అంటే ఇందాక చెప్పిన 480 గ్రాముల గాఢత దాకా, కొద్ది కొద్దిగా పెరుగుతుంది. కలిపి గంటల తరబడి వదిలేస్తాం. తర్వాత ఒక్కో గొట్టం మీద అతినీలలోహిత కాంతి వేస్తే ప్రొటీన్‌లోని ట్రిప్టోఫాన్ అనే పూస మెరుస్తుంది. ఆ పూస ముడి లోపల ఉన్నప్పటి మెరుపు వేరు, బయటపడి నీళ్ళను తాకినప్పటి మెరుపు వేరు. అంకెలన్నీ కాగితం మీద గుర్తు పెడితే కొంతదూరం చదునుగా సాగి, ఒక్కసారిగా వంగి, మళ్ళీ చదునయ్యే గీత వస్తుంది. ఆ వంపు కనబడిన రోజు నాకు అన్నం కూడా గుర్తుండేది కాదు.

అయితే మనకు కావలసింది యూరియా లేని నీళ్ళలో స్థిరత్వం. అక్కడ విప్పుకున్న అణువులు వేలల్లో ఒకటి. నేరుగా కనబడవు. అందుకని వంపు ఉన్నచోట, అంటే రెండు రకాల అణువులూ చాలినన్ని ఉన్నచోట, లెక్కకట్టి, ఆ గీతను వెనక్కి సున్నా యూరియా దాకా తిన్నగా పొడిగిస్తాం. టెక్సాస్‌లో నిక్ పేస్ దీన్ని పద్ధతిగా స్థిరపరిచారు. ఇందులో మూడు నమ్మకాలు దాగి ఉన్నాయి. గీత తిన్నగానే పోతుందని ఒకటి. ప్రొటీన్ ముడుచుకుని అయినా ఉంటుంది, విప్పుకుని అయినా ఉంటుంది, మధ్యస్థితి లేదని ఒకటి. విప్పినదాన్ని మళ్ళీ వదిలేస్తే తిరిగి ముడుచుకుంటుందని ఒకటి. ఈ మూడోది చాలా ప్రొటీన్లలో చెల్లదు. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిసొన కాదు కదా. అణువులు ఒకదానికొకటి అంటుకుని గడ్డకడితే ఇక సమతౌల్యం లేదు, కొలవడానికి అంకే లేదు.

కాబట్టి కొలిచిన విలువ శిలాశాసనం కాదు. అదే మ్యుటేషన్‌ను ఒక ప్రయోగశాల పీహెచ్ 3 దగ్గర వేడిచేసి కొలుస్తుంది, మరొకటి పీహెచ్ 7 దగ్గర యూరియాతో కొలుస్తుంది. అంకెలు అర కిలో కేలరీ, ఒక్కోసారి ఒక కిలో కేలరీ తేడాగా వస్తాయి. ఎవరూ తప్పు చేయలేదు. వాళ్ళు అడిగిన ప్రశ్నలే వేరు.

ఈ పనిలో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ మాథ్యూస్ బృందం చూపిన ఓపిక నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. టీ4 అనే వైరస్ బాక్టీరియాను పగలగొట్టడానికి వాడే లైసోజైమ్ అనే ఒక్క ప్రొటీన్‌ను, 164 పూసలదాన్ని, పట్టుకుని దశాబ్దాలు కూర్చున్నారు. ఒక్కో పూస మార్చడం, స్థిరత్వం కొలవడం, స్ఫటికం పెంచి ఎక్స్-కిరణాలతో ఆకారం చూడడం. అలా వందల మ్యుటేషన్లు. 1992లో వాళ్ళు చేసిన ఒక పని చెబుతాను. ప్రొటీన్ లోపల, నూనె పూసల మధ్య, ల్యూసిన్ అనే పెద్ద పూసలున్నాయి. వేర్వేరు చోట్ల వాటిని ఒక్కొక్కటిగా తీసి అలనిన్ అనే చిన్న పూస పెట్టారు. ప్రతిచోటా జరిగింది ఒకే మార్పు, కాగితం మీద చూస్తే తేడా లేదు. పోయిన స్థిరత్వం మాత్రం ఒకచోట 2.7 కిలో కేలరీలు, మరోచోట 5.

ఎందుకు? పెద్ద పూస తీసేసిన చోట ఖాళీ ఏర్పడుతుంది. కొన్నిచోట్ల చుట్టుపక్కల పూసలు జరిగి ఆ ఖాళీని కొంత పూడుస్తాయి, నష్టం తగ్గుతుంది. 99వ స్థానంలో చుట్టూ ఉన్నవి దాదాపు కదల్లేదు. ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది, 5 కిలో కేలరీలు పోయాయి. ఆ గది ఎంత చక్కగా మిగిలిందంటే బెంజీన్ అణువు వెళ్ళి అందులో సరిగ్గా కూర్చుంటుంది. పూస పేరు చూసి లెక్కకట్టే ప్రోగ్రాముకు ఈ తేడా అందదు. ఇరుగుపొరుగు ఎంత జరుగుతారో కూడా చెప్పగలగాలి.

ఇప్పుడు కంప్యూటరు వైపు వద్దాం. 2002లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో లూయిస్ సెరానో బృందం ఫోల్డ్ఎక్స్ అనే పద్ధతి తెచ్చింది. నూనె పూసలు నీటికి దూరమైతే ఇంత లాభం, హైడ్రోజన్ బంధానికి ఇంత, అణువులు ఒరుసుకుంటే ఇంత నష్టం అని పద్దులు రాసి, ఒక్కో పద్దుకు ఎంత బరువివ్వాలో కొలిచిన మ్యుటేషన్ల నుంచే నేర్చుకుంది. అమెరికాలోని సియాటిల్‌లో డేవిడ్ బేకర్ బృందం రోసెట్టాను తయారుచేసింది. అది పూసలను రకరకాలుగా తిప్పి, సర్ది, ఏ అమరిక మేలో వెతుకుతుంది. ఆ తర్వాత కొలతల పట్టికలిచ్చి కంప్యూటరునే నేర్చుకోమనే పద్ధతులు పదుల సంఖ్యలో వచ్చాయి. వాటన్నిటికీ పాఠ్యపుస్తకం దాదాపు ఒక్కటే, ప్రోథర్మ్ అనే దత్తాంశ నిధి. ప్రపంచమంతా ముక్కలు ముక్కలుగా అచ్చయిన కొలతలను ఒకచోట చేర్చి 1999లో జపాన్‌లో దాన్ని మొదలుపెట్టినవారిలో మైకేల్ గ్రోమిహా ఒకరు. ఆయన ఇప్పుడు ఐఐటీ మద్రాసులో ఆచార్యులు. ఇతరుల కొలతలను వెతికి, ఏ పీహెచ్, ఏ ఉష్ణోగ్రత అని ఒక్కోటీ రాసిపెట్టే పనికి చప్పట్లు కొట్టేవారుండరు. ఆ పని లేకపోతే నేను చెబుతున్న పోలిక సాధ్యమయ్యేదే కాదు.

2009లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ఇలాంటి 6 పద్ధతులను ఒకే బల్ల మీద పెట్టి, 2,156 మ్యుటేషన్ల కొలతలతో పోల్చారు. లెక్కా కొలతా పూర్తిగా ఏకీభవిస్తే సహసంబంధం 1, ఏ సంబంధమూ లేకపోతే సున్నా. వచ్చినవి 0.26 నుంచి 0.59. సగటు మీద బాగున్నాయి, వివరాల్లోకి వెళితే లేవు అన్నది వాళ్ళ తీర్పు. ఈ తీర్పు చదివిన కొందరు కంప్యూటరును తీసిపారేశారు. అది న్యాయం కాదని నా అభిప్రాయం. లోపలి పూస మారిస్తే నష్టం ఎక్కువ, పైన మారిస్తే తక్కువ అనే ధోరణిని ఆ ప్రోగ్రాములు పట్టుకున్నాయి. వెయ్యి మ్యుటేషన్లలో ముందు ఏ యాభై చూడాలో అవి చెప్పగలవు. ఫలానా ఒక్క మ్యుటేషన్ సంగతేమిటని అడిగినప్పుడే చిక్కు. వాటి పొరపాటు మామూలుగా 1 నుంచి 1.5 కిలో కేలరీలు ఉంటుంది. ఇందాక గుర్తుంచుకోమన్న అంకె 1.4. అంటే ముడి విప్పుకునే నిష్పత్తిలో పది రెట్ల పొరపాటు.

ఎందుకింత పొరపాటు? నా దృష్టిలో అసలు కారణం ఒకటుంది. ప్రోగ్రాము చేతిలో ఉండేది ముడుచుకున్న ఆకారం ఒక్కటే, స్ఫటికంలో తీసిన బొమ్మ. స్థిరత్వమేమో రెండు స్థితుల మధ్య తేడా. విప్పుకున్న స్థితికి బొమ్మ లేదు, అది కోట్ల భంగిమల గుంపు. దాన్ని ప్రోగ్రాములు చాలావరకు ఊహతో సరిపెట్టుకుంటాయి. మాథ్యూస్ బృందమే 1987లో దీనికి అందమైన ఉదాహరణ చూపింది. లైసోజైమ్‌లో 77వ స్థానంలోని గ్లైసిన్ తీసి అలనిన్, 82వ స్థానంలోని అలనిన్ తీసి ప్రొలీన్ పెట్టారు. రెండుసార్లూ ప్రొటీన్ కొద్దిగా గట్టిపడింది. ముడుచుకున్న ఆకారంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మరి లాభం ఎక్కడిది? గ్లైసిన్ ఎటైనా తిరుగుతుంది, ప్రొలీన్ తిరగలేదు. ఏ పూస ఎటు తిరగగలదో 1963లో మద్రాసులో జి. ఎన్. రామచంద్రన్ బృందం గీసిన పటం చూస్తే తెలుస్తుంది. తిరగలేని పూస పెడితే విప్పుకున్న దండకు స్వేచ్ఛ తగ్గుతుంది. విప్పుకోవడంలో సుఖం తగ్గింది కనుక ముడుచుకునే ఉంది. లాభమంతా మనం బొమ్మ తీయలేని వైపు జరిగింది.

రెండో కారణం ప్రోగ్రాముల చదువులో ఉంది. శాస్త్రవేత్తలు ఎక్కువగా చేసిన మ్యుటేషన్లు ప్రొటీన్‌ను బలహీనపరిచేవి. అందులోనూ పెద్ద పూస తీసి అలనిన్ పెట్టినవి, అవీ కొద్దిపాటి ప్రొటీన్లలో. అవే చదివిన ప్రోగ్రాము ఏ మార్పు చూపినా నష్టమే అనడం నేర్చుకుంటుంది. పరీక్షలోనూ అవే ప్రశ్నలొస్తే మార్కులు బాగానే పడతాయి. దీన్ని బయటపెట్టే పరీక్ష చాలా సులువు. అలిపిరి నుంచి తిరుమల కొండెక్కితే ఎంత ఎత్తు ఎక్కామో, దిగితే అంతే దిగాలి. ల్యూసిన్‌ను అలనిన్ చేస్తే 3 కిలో కేలరీలు పోతే, అలనిన్‌ను మళ్ళీ ల్యూసిన్ చేస్తే 3 రావాలి. 2018లో బ్రస్సెల్స్ పరిశోధకులు 342 మ్యుటేషన్లను ఎక్కేదారిలోనూ దిగేదారిలోనూ, మొత్తం 684గా, ప్రోగ్రాములకు ఇచ్చి చూశారు. చాలా ప్రోగ్రాములు పోయే దారిలో బాగా చెప్పి, వచ్చే దారిలో తడబడ్డాయి. ఇంత సామాన్యమైన నియమాన్ని చాలా ఏళ్ళు ఎవరూ గట్టిగా అడగలేదన్నది నన్ను బాధించే విషయం.

కొలతల్లోనే ఉన్న చెదురు కూడా ఒక హద్దు గీస్తుంది. ఆ పాత దత్తాంశంతో పోల్చినంతకాలం పరిపూర్ణమైన ప్రోగ్రాముకైనా సహసంబంధం 0.7, 0.8 దగ్గర ఆగిపోతుందని 2019లో ఇటలీ, ఇజ్రాయెల్ పరిశోధకులు లెక్కకట్టారు. అంతకు మించి 0.9 వచ్చిందని ఎవరైనా చెబితే, నేర్పిన ప్రశ్నలే పరీక్షలో పడ్డాయేమో ముందు చూడాలి.

మరి ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాము వచ్చింది కదా, దానికి 2024లో నోబెల్ కూడా వచ్చింది కదా అని విద్యార్థులు అడుగుతారు. ఆల్ఫాఫోల్డ్ ఆకారం చెబుతుంది, గొప్పగా చెబుతుంది. కానీ ఒక పూస మార్చి అడిగినా చాలాసార్లు దాదాపు అదే ఆకారం గీసి ఇస్తుంది, ఆ ముడి నిలుస్తుందో లేదో చెప్పదు. దాన్ని చేసింది ఆ పనికి కాదు.

దారి తెరిచింది మళ్ళీ కొలతే. 2023లో షికాగో దగ్గర నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో కోటారో త్సుబోయామా, గేబ్రియల్ రాక్లిన్ బృందం ఒకేసారి లక్షల ప్రొటీన్లను కొలిచే పద్ధతి ప్రకటించింది. ఒక్కో ప్రొటీన్‌కు దాని డీఎన్ఏ చిట్టీ తగిలిస్తారు. ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అనే జీర్ణరసాలను వదులుతారు. విప్పుకున్నదాన్ని అవి కొరికేస్తాయి, ముడుచుకున్నది తప్పించుకుంటుంది. ఎవరు మిగిలారో చిట్టీలు చదివి లెక్కిస్తారు. అలా 7,76,298 స్థిరత్వ విలువలు వచ్చాయి. నేను రోజంతా ఇరవై గొట్టాలతో ఒక గీత గీసిన పద్ధతికీ దీనికీ పోలికేలేదు, సంతోషంగా ఒప్పుకుంటాను. అన్ని విలువలూ ఒకే పద్ధతిలో, ఒకే పరిస్థితిలో వచ్చాయి. ప్రతి స్థానంలో ప్రతి పూసా పెట్టి చూశారు కనుక పాత పక్షపాతం లేదు. కాకపోతే అవన్నీ 40 నుంచి 72 పూసల చిన్న ప్రొటీన్లు. 5 కిలో కేలరీలు దాటిన గట్టిదనం ఆ పద్ధతికి అందదు. మన ఒంట్లోని పెద్ద ప్రొటీన్లు ఇంకా బయటే ఉన్నాయి.

ప్రొటీన్‌ను గట్టిపరిచే మ్యుటేషన్లు అరుదు. ప్రోగ్రాములు ఎక్కువగా తడబడేది అక్కడే. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో మధుసూదనరావు బృందం వాటిని వేరే దారిలో పట్టుకుంది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా నుంచి తీసిన లైపేజ్, కొవ్వును విడగొట్టే ఎంజైము, సుమారు 56 డిగ్రీలకు విప్పుకుని గడ్డకట్టేది. యాదృచ్ఛికంగా మార్పులు చేసి, వేడికి తట్టుకున్నవాటిని ఏరి, మళ్ళీ మార్చి, మళ్ళీ ఏరారు. చివరికి 12 పూసలు మారిన రూపం సుమారు 78 డిగ్రీల దాకా నిలిచింది. గడ్డకట్టడం కూడా మానింది. ఎందుకలా అయిందో ఆ తర్వాత స్ఫటికాల్లో చూసి అర్థం చేసుకున్నారు. ఆ 12 మార్పులను ముందుగా చెప్పగలగడమే ప్రోగ్రాములకు అసలైన పరీక్ష.

చివరగా మన ఇళ్ళకు దగ్గరి సంగతి ఒకటి. ఆపరేషన్ సమయంలో ఊపిరి కోసం గొంతులో గొట్టం వేయడానికి కండరాలు సడలేలా సక్సామిథోనియం అనే మందు ఇస్తారు. రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొడుతుంది. వైశ్య సముదాయంలో కొందరికి ఈ ఎంజైము రక్తంలో దాదాపు పనిచేయదు. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయం వారు అమెరికాలోని నెబ్రాస్కా శాస్త్రవేత్తలతో కలిసి 2006లో దీని మూలాన్ని ప్రకటించారు. 307వ స్థానంలో ల్యూసిన్ బదులు ప్రొలీన్. లైసోజైమ్‌ను గట్టిపరిచిన పూసే అది. లైసోజైమ్‌లో అది సరిపోయే చోట పడింది. సరిపోని చోట పడితే అదే పూస ముడినే చెడగొడుతుంది. ల్యూసిన్ చోట ప్రొలీన్ అనగానే ఏ ప్రోగ్రామైనా నష్టమనే అంటుంది, నేనూ అదే అంటాను. కానీ తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ మార్పు వచ్చిన మనిషి ఏ జబ్బూ లేకుండా హాయిగా బతుకుతారు. ఆ మందు పడిన రోజు మాత్రం నిమిషాల్లో తిరిగి రావలసిన ఊపిరి గంటలపాటు రాదు, అంతసేపూ యంత్రం ఊపిరి పోయాలి. ఎన్ని కిలో కేలరీలు పోయాయన్న అంకెలో ఈ సంగతి ఎక్కడా ఉండదు.

ఇంట్లో ఎవరికైనా మత్తుమందు తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిన చరిత్ర ఉంటే, ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు చెప్పండి. ఆ ఎంజైము ఎంత పనిచేస్తోందో చిన్న రక్తపరీక్షతో కొలుస్తారు. మందు మార్చుకుంటారు.